ఒకే రాజ్యం, ఒకే సంఘం, వేర్వేరు శిశు మరణాలు: స్వీడన్ సంఘ రిజిస్టర్లు చెప్పే చరిత్ర

ఉపోద్ఘాతం

సజీవంగా పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో మొదటి పుట్టినరోజు చూడకుండానే కన్నుమూసినవారి సంఖ్యను శిశు మరణాల రేటు అంటారు. ఒక దేశానికి ఒక సంఖ్య చెప్పి ఊరుకోవడం మనకు అలవాటు. కానీ ఆ ఒక్క సంఖ్యలో ఎన్నో ప్రాంతాల కథలు కలిసిపోయి ఉంటాయి. 2020వ సంవత్సరానికి మన దేశపు మాదిరి నమోదు పద్ధతి ఇచ్చిన లెక్కల ప్రకారం భారతదేశపు రేటు 28. అదే సంవత్సరంలో కేరళలో అది 6, మధ్యప్రదేశ్‌లో 43. తెలంగాణలో 21, ఆంధ్రప్రదేశ్‌లో 24. ఒకే రాజ్యాంగం, ఒకే జెండా కింద పుట్టిన బిడ్డల మధ్య ఇంత తేడా ఎందుకు ఉన్నది? ఈ ప్రశ్నను ఆర్థిక శాస్త్రవేత్తలకూ వైద్యులకూ వదిలివేసి, చిన్న శవపేటిక ముందు నిలబడి ఆదరణ వాక్యం చెప్పడంతో మన పని ముగిసిందని సంఘ కాపరులమైన మనం అనుకోవచ్చునా?

ఈ ప్రశ్నను పరిశీలించడానికి నేను 18, 19 శతాబ్దాల స్వీడన్ దేశాన్ని ఎన్నుకున్నాను. అందుకు మూడు కారణాలున్నాయి. మొదటిది, దేశమంతటికీ ఎడతెగకుండా జనాభా లెక్కలు వేసే ఏర్పాటు మొట్టమొదట అక్కడే జరిగింది. రెండవది, ఆ లెక్కలు రాసినవారు ప్రభుత్వ గుమాస్తాలు కారు, సంఘ కాపరులు. మూడవది, ఆ కాలంలో దేశమంతా ఒకే లూథరన్ సంఘం. రాజు ఒక్కడే, చట్టం ఒక్కటే, పిల్లలు వల్లించిన ప్రశ్నోత్తరి ఒక్కటే. అయినా ఒక ప్రాంతంలో పుట్టిన బిడ్డకు బ్రదికే అవకాశం మరొక ప్రాంతపు బిడ్డకంటే ఎంతో తక్కువగా ఉండేది. విశ్వాసంలో భేదం లేదు గనుక, ఈ భేదానికి వేరే కారణం వెదకక తప్పదు.

1. సంఘ రిజిస్టరు ఎలా లెక్కల పుస్తకమైంది

1686లో వచ్చిన స్వీడన్ సంఘ చట్టం ప్రతి కాపరి మీదా ఒక బాధ్యత మోపింది. తన పరిధిలో జరిగిన జననాలు, బాప్తిస్మాలు, వివాహాలు, భూస్థాపనలు ఆయన ఒక పుస్తకంలో రాయాలి. బిడ్డ పుట్టిన ఎనిమిది రోజుల్లోపు బాప్తిస్మం జరగాలి. బిడ్డ ప్రాణాపాయంలో ఉంటే కాపరి వచ్చేదాకా ఆగనక్కరలేదు, దగ్గరున్న విశ్వాసులెవరైనా అత్యవసర బాప్తిస్మం ఇవ్వవచ్చు. ఆ సంగతి తరువాత కాపరికి తెలియజేయాలి. ఈ నియమాల ఉద్దేశం పూర్తిగా ఆత్మ సంబంధమైనదే. బాప్తిస్మం లేకుండా ఏ బిడ్డా లోకం విడిచిపోకూడదన్నదే వారి ఆతురత. అయితే దాని వలన ఒక లౌకిక ఫలితం కూడా కలిగింది. కొద్ది రోజులే బ్రదికిన బిడ్డ పేరు కూడా కాగితం మీదికి ఎక్కింది. మరి అనేక దేశాలలో అటువంటి బిడ్డలు లెక్కకు రాకుండానే మట్టిలో కలిసిపోయారు.

కాపరి చేతిలో మరొక పుస్తకం కూడా ఉండేది. ఆయన ఇంటింటికీ లేక పల్లె పల్లెకూ వెళ్లి కుటుంబంలోని పెద్దలనూ, పిల్లలనూ, పనివారినీ వాక్య జ్ఞానంలో పరీక్షించేవాడు. ఎవరు చదవగలరో, ఎవరికి ప్రశ్నోత్తరి ఎంతవరకు వచ్చునో గుర్తులు పెట్టుకునేవాడు. ఈ గృహ పరీక్షల వలన 18వ శతాబ్దం ముగిసేసరికి స్వీడన్‌లో స్త్రీలతో సహా అత్యధికులు అచ్చు పుస్తకం చదవగలిగారు. రాయడం రానివారు చాలామంది ఉన్నారు గాని చదవడం వచ్చింది. ఈ సంగతి మనకు తరువాత అవసరమవుతుంది.

1749లో ప్రభుత్వం ఈ రిజిస్టర్ల మీద ఒక పెద్ద కట్టడం కట్టింది. దాని పేరు టబెల్‌వెర్కెట్, అంటే పట్టికల వ్యవస్థ. అచ్చువేసిన ఫారాలు ప్రతి సంఘానికీ పంపారు. ఎందరు పుట్టారు, ఏ వయసువారు ఎందరు పోయారు, ఏ కారణం చేత పోయారు అని కాపరి అందులో నింపి పైవారికి పంపాలి. మరణ కారణాల గడులలో మశూచి, కోరింత దగ్గు వంటి జబ్బులతో పాటు తల్లి పక్కలోనో దాది పక్కలోనో ఊపిరాడక పోయిన పిల్లలకు కూడా ఒక గడి ఉండేది. వేదాంతం చదువుకొని పరిచర్యకు వచ్చిన మనిషికి ఇది ఎంత భారమో మనం ఊహించుకోవచ్చు.

ఆ పట్టికలను చదివి అర్థం చెప్పినవాడు పేర్ విల్‌హెల్మ్ వార్జెంటిన్. 1717లో యేమ్ట్‌లాండ్ ప్రాంతంలో ఒక కాపరి ఇంట పుట్టాడు. వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రవేత్త. బృహస్పతి ఉపగ్రహాల కదలికలు లెక్కగట్టి పేరు తెచ్చుకున్నవాడు. 1749 నుండి మరణించేవరకు, అంటే 1783 వరకు, రాజ విజ్ఞాన అకాడమీకి కార్యదర్శిగా ఉన్నాడు. ఆకాశాన్ని కొలిచిన ఆ కన్నే సంఘ రిజిస్టర్లను కూడా కొలిచింది. 1766లో ఆయన ప్రకటించిన మరణ పట్టికలు ఒక దేశపు అసలైన జనాభా లెక్కల మీద ఆధారపడినవి. రాజ్యపు జనసంఖ్య పాలకులు అనుకున్నదానికంటే చాలా తక్కువని తేలడంతో, తొలి సంవత్సరాలలో ఆ ఫలితాలను రహస్యంగా దాచిపెట్టారు. స్వీడన్ ప్రాంతంలో ఉన్నది 18 లక్షల లోపు మనుషులు. జనం తక్కువైన రాజ్యానికి ప్రతి శిశువూ విలువైనదేనన్న ఆలోచన అక్కడ మొదలైంది. ఆ ఆలోచన వెనుక సైన్యం, పన్నులు కూడా ఉన్నాయన్న మాట మనం మరువకూడదు.

2. పట్టికలు గీసిన దేశపటం

18వ శతాబ్దం మధ్యలో స్వీడన్‌లో పుట్టిన ప్రతి ఐదుగురు పిల్లల్లో సుమారు ఒకరు ఏడాది నిండకముందే చనిపోయేవారు. అంటే రేటు 200 ప్రాంతంలో ఉండేది. ఇది దేశపు సగటు. ప్రాంతాలవారీగా చూస్తే బొమ్మ మారుతుంది. దేశపు పడమటి భాగాల్లోనూ, వార్జెంటిన్ పుట్టిన యేమ్ట్‌లాండ్ వంటి లోపలి ప్రాంతాల్లోనూ మరణాలు తక్కువ. తూర్పున రాజధాని స్టాక్‌హోంలోనూ దాని చుట్టుపక్కలా ఎక్కువ. ఉత్తరాన బోత్నియా సముద్రశాఖ ఒడ్డున, టొర్నియో నదీలోయలో, ఆ శాఖకు అవతలి ఒడ్డునున్న ఓస్ట్రోబోత్నియాలో కూడా ఎక్కువ. ఓస్ట్రోబోత్నియా ఫిన్లాండ్‌లోని భాగం. 1809 వరకు ఫిన్లాండ్ స్వీడన్ రాజ్యంలోనే ఉండేది.

చదువరికి వెంటనే తోచే జవాబు పేదరికం. కొంతవరకు అది నిజమే. కరవు సంవత్సరాలలో అన్నిచోట్లా మరణాలు పెరిగాయి. కానీ యేమ్ట్‌లాండ్ ధనిక ప్రాంతమేమీ కాదు. అక్కడి చలి కూడా తక్కువ కాదు. టొర్నియో లోయలో పాడి పశువులు పుష్కలంగా ఉన్న రైతుల ఇళ్లలోనూ పిల్లలు పోయారు. కాబట్టి పేదరికం, చలి అనే రెండు జవాబులు ఈ పటాన్ని పూర్తిగా వివరించలేవు.

పట్టికలు మరొక సూచన ఇచ్చాయి. చలిదేశంలో శిశువులు ఎక్కువగా చలికాలంలోనే పోవాలి. ఉత్తర తీరంలో మాత్రం ఎండాకాలంలో మరణాలు పెరిగేవి. ఎండాకాలంలో పసిపిల్లలను పొట్టనబెట్టుకునేది అతిసారం. అతిసారం తినే తిండి ద్వారా, తాగే పాల ద్వారా వస్తుంది. ఆ దారిన వెళితే అసలు కారణం దొరుకుతుంది.

3. టొర్నియో లోయలో పాలకొమ్ము

టొర్నియో నది ముఖద్వారం దగ్గర నేడెర్‌టోర్నియో అనే సంఘం ఉంది. 1809 తరువాత ఆ నదే స్వీడన్‌కూ, రష్యా చేతికి వెళ్లిన ఫిన్లాండ్‌కూ సరిహద్దు అయింది. ప్రజలలో అత్యధికులు ఫిన్నిష్ భాష మాట్లాడేవారు. 19వ శతాబ్దపు మొదటి దశాబ్దాలలో అక్కడ శిశు మరణాల రేటు 300 దాటి ఉండేది. ఈ సంఘపు రిజిస్టర్లను పరిశోధించి చరిత్రకారుడు ఆండర్స్ బ్రెండ్‌స్ట్రోమ్ 1984లో ఒక గ్రంథం ప్రచురించాడు. దాని పేరుకు తెలుగులో అర్థం 'ప్రేమలేని తల్లులు'. ఆ కాలపు వైద్యులు, అధికారులు ఆ తల్లుల మీద వేసిన నిందనే ఆయన పేరుగా పెట్టి, ఆ నింద ఎంతవరకు నిజమో విచారించాడు.

అక్కడి ఆచారం ఇది. తల్లులు బిడ్డకు చన్ను ఇచ్చేవారు కారు, లేక బహు కొద్దికాలమే ఇచ్చేవారు. ఆవు కొమ్మును తొలిచి, కొసకు పీక వంటిది కట్టి, అందులో ఆవుపాలు పోసి ఊయల దగ్గర వేలాడదీసేవారు. మన ఇళ్లలో ఒకప్పటి ఉగ్గుగిన్నెను కడిగి బోర్లించవచ్చు. లోపల సన్నగా ఉండే కొమ్మును శుభ్రం చేయడం కష్టం. ఎండాకాలంలో పాలు అందులోనే పులిసిపోయేవి. ఉత్తరాన వేసవి చాలా చిన్నది, గడ్డికోతలు అప్పుడే. ఆడవారు దూరపు పచ్చికబీళ్లకు పనికి పోతే, బిడ్డ పెద్దపిల్లల చేతిలోనో ముసలివారి చేతిలోనో ఉండిపోయేది. సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియని కాలమది.

తల్లులకు ప్రేమ లేదా? పశుపోషణ భారమంతా స్త్రీల మీదే ఉన్న ఆ సమాజంలో చన్నుపాలు ఇవ్వకపోవడం తరతరాలుగా వచ్చిన పద్ధతి. తన తల్లి అలాగే పెంచింది, పొరుగువారు అలాగే పెంచుతున్నారు. బ్రదికిన పిల్లలు కళ్లముందున్నారు, పోయినవారు దేవుని దగ్గరున్నారని అందరూ నమ్ముతున్నారు. అటువంటి చోట ఏ ఒక్క తల్లినీ వేలెత్తి చూపడం న్యాయం కాదు. 1750ల్లోనే ప్రభుత్వం ఓస్ట్రోబోత్నియా విషయంలో కఠినమైన దారి పట్టింది. చన్నుపాలు ఇవ్వని కారణంగా బిడ్డ చనిపోతే తల్లికి జరిమానా అని శాసించింది. ఆచారం జరిమానాకు లొంగలేదు. ఆ శాసనం వచ్చిన తరువాత కూడా దశాబ్దాల తరబడి ఆ తీరంలో మరణాలు ఎక్కువగానే కొనసాగాయి.

ఇది ఉత్తర ధ్రువ ప్రాంతపు వింత కాదు. 19వ శతాబ్దంలో జర్మనీ దక్షిణ భాగంలోని బవేరియాలో కూడా చన్నుపాలు ఇవ్వని ఆచారం విస్తారంగా ఉండేది. అక్కడ కూడా రేటు 300 ప్రాంతంలోనే. బవేరియా ప్రధానంగా రోమన్ కతోలిక ప్రాంతం. టొర్నియో లోయ లూథరన్ ప్రాంతం. చలి వేరు, భాష వేరు, సంఘం వేరు. పాలు పట్టే పద్ధతి మాత్రం ఒకటే, ఫలితం కూడా ఒకటే.

4. రాజధానిలో పుట్టిన బిడ్డ, తండ్రి పేరు లేని బిడ్డ

స్టాక్‌హోం కథ వేరు. అక్కడ ఇరుకు ఇళ్లు, మురికి నీరు, కూలి దొరకని రోజులు. 18వ శతాబ్దపు చివరి భాగంలోనూ 19వ శతాబ్దపు మొదటి భాగంలోనూ అక్కడ పుట్టినవారిలో సుమారు మూడవ వంతు ఏడాదిలోపే పోయేవారు. ఆ నగరంలో మరొక విషయం కూడా ఉంది. 19వ శతాబ్దం మధ్యలో స్టాక్‌హోంలో పుట్టిన ప్రతి 10 మందిలో సుమారు నలుగురు వివాహం కాని తల్లుల బిడ్డలు. ఇంటి పనులకూ కూలికీ పల్లెల నుండి వచ్చిన స్త్రీలే వారిలో ఎక్కువమంది. బిడ్డ చేతిలో ఉంటే పని దొరకదు. అందుచేత బిడ్డను డబ్బిచ్చి ఎవరి దగ్గరో పెట్టేవారు, లేకపోతే 1633లో స్థాపించబడిన అనాథ శిశు గృహానికి అప్పగించేవారు. తల్లి పాలకు దూరమై అనేకుల మధ్య పెరిగే శిశువు గతి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. వివాహంలో పుట్టిన పిల్లలకంటే ఈ పిల్లలు ఎక్కువ సంఖ్యలో చనిపోయారని అవే రిజిస్టర్లు చూపుతున్నాయి.

ఇక్కడ సంఘం తన ముఖాన్ని అద్దంలో చూసుకోవాలి. వివాహం లేకుండా గర్భం ధరించిన స్త్రీని సంఘం ముందు నిలబెట్టి బహిరంగంగా పాపం ఒప్పుకొమ్మనే శిక్ష స్వీడన్‌లో చాలాకాలం ఉండేది. కాలక్రమేణా దానిని సడలించినా, పూర్తిగా తొలగిపోయింది 19వ శతాబ్దం మధ్యలోనే. ఆ అవమానానికి భయపడి కొందరు గర్భాన్ని దాచిపెట్టారు, ఒంటరిగా ప్రసవించారు, కొందరు పుట్టిన బిడ్డ ప్రాణం తీశారు కూడా. 1778లో రాజు మూడవ గుస్తావ్ ఒక శాసనం తెచ్చాడు. దాని ప్రకారం తల్లి తన పేరు చెప్పకుండా, ఎవరూ అడగకుండా మరొక ఊరిలో ప్రసవించవచ్చు. శిశుహత్యను ఆపడమే దాని ఉద్దేశం. పరిశుద్ధత పేరిట సంఘం నిలిపిన పీఠం దగ్గర బిడ్డకు రక్షణ దొరకనప్పుడు, రాజశాసనం వచ్చి రక్షణ కల్పించవలసి వచ్చింది. ఒకే కాపరి కలం ఒక పక్క బిడ్డ మరణాన్ని రాసింది, ఇంకొక పక్క తల్లి పేరు ప్రక్కన సిగ్గు గుర్తు పెట్టింది. చరిత్ర చదివే వేదాంత విద్యార్థి ఈ రెండు రాతలనూ కలిపి చదవాలి.

5. మరణాలు ఎలా తగ్గాయి

1850 ప్రాంతానికి స్వీడన్ రేటు సుమారు 150కి, 1900 ప్రాంతానికి సుమారు 100కి దిగింది. ఇప్పుడు అది 2 ప్రాంతంలో ఉంది. ఒకే మందు దీనికి కారణం కాదు. నాలుగు విషయాలను క్లుప్తంగా చెప్పుకుందాం.

మొదటిది, ఇంటింటికీ చేరిన అచ్చు మాట. ఉప్సాలా విశ్వవిద్యాలయ వైద్యాచార్యుడు నిల్స్ రోసెన్ ఫాన్ రోసెన్‌స్టైన్ పిల్లల జబ్బుల గురించీ, తల్లిపాల గురించీ అకాడమీ అచ్చువేసే పంచాంగాలలో సులభ శైలిలో రాశాడు. బైబిలు, కీర్తనల పుస్తకం తరువాత సామాన్యుల ఇళ్లలో కనబడే పుస్తకం పంచాంగమే. ఆ వ్యాసాలే 1764లో గ్రంథంగా వచ్చి పిల్లల వైద్యానికి పునాది గ్రంథాలలో ఒకటయింది. ప్రశ్నోత్తరి నేర్పడానికి సంఘం నేర్పిన చదువు ఇక్కడ పనికొచ్చింది. ఇది సంఘం ఊహించిన ఫలం కాదు.

రెండవది, మశూచి టీకా. 1801లో స్వీడన్‌కు వచ్చిన టీకాను 1816లో తప్పనిసరి చేశారు. పల్లెల్లో టీకాలు వేసినవారిలో ఎక్కువమంది వైద్యులు కారు. ఆరాధనలో పాటలు నడిపించి, గంట మోగించే సంఘ సేవకులే సూది పట్టుకున్నారు. ఏ ఇంట బిడ్డ పుట్టిందో కాపరి పుస్తకంలో ఉంది గనుక ఎవరికి టీకా పడలేదో వెంటనే తెలిసేది.

మూడవది, శిక్షణ పొందిన మంత్రసానులు. 19వ శతాబ్దంలో ప్రభుత్వం వారిని స్టాక్‌హోంలో శిక్షణ ఇచ్చి పల్లెలకు పంపింది. 1829 నుండి అవసరమైతే పరికరాలు ఉపయోగించే అధికారం కూడా వారికి ఇచ్చింది. నేడెర్‌టోర్నియోలో మార్పు తెచ్చినవారు వీరే. 19వ శతాబ్దపు రెండవ పాదంలో హపరాండాకు వ్రెట్‌హోల్మ్ అనే జిల్లా వైద్యుడు వచ్చాడు. పాలకొమ్ము గురించి నివేదికలు రాశాడు, తల్లులతో మాట్లాడాడు. ఆయనతో పాటు మంత్రసానులు ప్రసవం నాడే తల్లి పక్కన కూర్చుని బిడ్డను రొమ్ముకు పట్టించడం నేర్పారు. జరిమానా చేయలేని పనిని, మంచం పక్కన కూర్చున్న ఒక స్త్రీ చేసింది. కొన్ని దశాబ్దాలలోనే ఆ సంఘపు రిజిస్టరులో శిశు మరణాలు గణనీయంగా తగ్గాయి. ఆ తల్లులు ప్రేమ లేనివారైతే ఈ మార్పు ఇంత త్వరగా వచ్చేది కాదు.

నాలుగవది, నగరంలో నీరు. 1861లో స్టాక్‌హోంకు శుద్ధి చేసిన నీటి సరఫరా మొదలైంది. తరువాతి దశాబ్దాలలో మురుగు కాలువలు వచ్చాయి. ఆ శతాబ్దం చివరికి రాజధాని బిడ్డకూ పల్లె బిడ్డకూ మధ్య ఉన్న అగాధం చాలావరకు పూడింది.

6. ఒక వేదాంత ప్రశ్న

బిడ్డ పోయినప్పుడు మనం తరచుగా యోబు 1:21 చదువుతాము. పిల్లలను పోగొట్టుకున్న యోబు తన నోటితో తానే పలికిన సమర్పణ మాట అది. దుఃఖంలో ఉన్నవాడు ఆ మాట పలికితే అది విశ్వాసం. దుఃఖంలో లేనివాడు కారణాలు విచారించకుండా ఆ మాటను ఇతరుల మీద పలికితే అది వేరే సంగతి అవుతుంది. నేడెర్‌టోర్నియోలో పుట్టిన బిడ్డను దేవుడు యేమ్ట్‌లాండ్ బిడ్డకంటే ఎక్కువగా తన దగ్గరకు పిలుచుకోవాలనుకున్నాడని ఎవరు చెప్పగలరు? అలా చెబితే, మంత్రసాని వచ్చిన తరువాత దేవుడు తన చిత్తం మార్చుకున్నాడని కూడా చెప్పవలసి వస్తుంది. పటం మీద తేడా కనబడినప్పుడు, ఆ తేడాలో కనీసం కొంత మనుషుల చేతుల్లో ఉన్నదని ఒప్పుకోవాలి.

లేఖనం ఈ విషయంలో మనకు వేరే దారి కూడా చూపుతుంది. నిర్గమకాండం 1వ అధ్యాయంలో ఫరో ఆజ్ఞకు లోబడని షిఫ్రా, పూయా అనే మంత్రసానులు కనబడతారు. బైబిలు ఆ ఫరో పేరు చెప్పదు, ఆ మంత్రసానుల పేర్లు మాత్రం చెబుతుంది. వారు దేవునికి భయపడిరనడానికి గుర్తు వారు బిడ్డలను బ్రదకనిచ్చుటే. యెషయా 65:20లో ప్రవక్త నూతన యెరూషలేమును వర్ణిస్తూ, కొద్ది దినాలే బ్రదికే శిశువు ఇక అక్కడ ఉండదన్న వాగ్దానాన్ని ముందు పెడతాడు. శిశు మరణం దేవుని రాజ్యపు స్వభావానికి సరిపడదని దీని భావం. పరలోకంలో ఆ బిడ్డ క్షేమంగా ఉన్నదనే ఆదరణకూ, భూమి మీద ఆ మరణం జరగకుండా ఉండవలసిందనే వేదనకూ విరోధం లేదు. ఈ రెండింటినీ కలిపి ప్రకటించడం కాపరి బాధ్యత.

7. మన సంఘాలకు దీనితో ఏమి పని

తెలుగు ప్రాంతానికి లూథరన్ సువార్త 1842లో ఫాదర్ హయ్యర్ ద్వారా గుంటూరుకు వచ్చింది. ఆయన తరువాత 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీలకూ పిల్లలకూ వైద్యం ప్రారంభించి, 1898 నాటికి ఆసుపత్రి నిలబెట్టారు. ప్రసవాన్నీ శిశువునూ పరిచర్యలో భాగంగా ఎంచిన వారసత్వం మన ప్రాంతంలో కూడా ఉన్నదనడానికి ఇది ఒక నిదర్శనం. అయితే స్వీడన్ కాపరుల రెండవ వారసత్వం, అంటే లెక్క రాయడం, మన దగ్గర బలహీనంగా ఉంది. బాప్తిస్ట్, బ్రదరన్, పెంతెకొస్తు సంఘాలలో శిశు బాప్తిస్మం లేదు గనుక, రిజిస్టరులో మనిషి పేరు యౌవనంలోనే మొదలవుతుంది. శిశు ప్రతిష్ఠ జరిగేలోపే పోయిన బిడ్డ ఏ పుస్తకంలోనూ ఉండదు. శిశు బాప్తిస్మం ఇచ్చే సంఘాలలో కూడా నెలల తరబడి వాయిదా పడడం సాధారణం. సిద్ధాంత భేదాన్ని ఇక్కడ చర్చించడం నా ఉద్దేశం కాదు. ఏ సిద్ధాంతం వారైనా పుట్టిన ప్రతి బిడ్డ పేరూ, పోయిన ప్రతి బిడ్డ పేరూ రాసుకోవచ్చు.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ప్రతి జననాన్నీ, ప్రతి మరణాన్నీ 21 రోజుల్లోగా తెలియజేయాలి. ఇంటి దగ్గర పోయిన పసిబిడ్డ విషయంలో పేద కుటుంబాలు చాలాసార్లు ఈ పని చేయవు. సమాధి దగ్గర ప్రార్థన చేసిన కాపరి ఆ కుటుంబానికి ఈ మాట గుర్తుచేస్తే చాలు. లెక్కకు రాని మరణాన్ని ప్రభుత్వం చూడదు, చూడని మరణానికి నర్సు రాదు, రోడ్డు రాదు.

పాలకొమ్ము మన దగ్గర లేదనుకోవద్దు. బిడ్డ పుట్టగానే తేనె నాకించడం, చక్కెర నీళ్లు లేక ఆముదం పట్టడం, ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయడం మన పల్లెల్లో వింటున్న సంగతులే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం ప్రసవాలు ఆసుపత్రులలో జరిగాయి. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతమే. ఆసుపత్రి భవనం వచ్చింది గాని మంచం పక్కన కూర్చునే మనిషి ఇంకా రాలేదని ఈ రెండు అంకెలు కలిసి చెబుతున్నాయి. మన సంఘాల స్త్రీల సమాజంలో ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, నర్సులు ఉన్నారు. సంవత్సరానికి ఒక ఆదివారం వారికి ప్రసంగ వేదిక మీద పది నిమిషాలు ఇవ్వడం ఏ సంఘ నియమావళికీ వ్యతిరేకం కాదు.

కేరళ ఉదాహరణ కూడా ఇదే దారి చూపుతుంది. 1971లో భారతదేశపు రేటు 129 ఉన్నప్పుడే కేరళ రేటు 58. ఆనాటికి కేరళ ధనిక రాష్ట్రం కాదు. దాని వెనుక పాత తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానాల కాలం నుండి సాగిన ఆడపిల్లల చదువు, సంస్కరణోద్యమాలు, దగ్గరలోనే ఉన్న వైద్యశాలలు ఉన్నాయి. ఆ చదువులో మిషనరీల పాత్ర ఉంది, సంస్థానాధీశుల పాత్ర ఉంది, వెనుకబడిన కులాలవారు తమ హక్కు కోసం చేసిన పోరాటాల పాత్ర మరింత ఉంది. చదువుకున్న తల్లి నర్సు మాట వింటుంది, నర్సును ప్రశ్నిస్తుంది కూడా. స్వీడన్‌లో ప్రశ్నోత్తరి చదివిన తల్లికీ, కేరళలో బడికి వెళ్లిన తల్లికీ మధ్య ఒక శతాబ్దం, ఒక సముద్రం ఉన్నా పోలిక మాత్రం స్పష్టం.

ముగింపు

స్వీడన్ సంఘ చరిత్ర నుండి మూడు సంగతులు తేలుతున్నాయి. ఒకే దేశంలో శిశు మరణాల తేడాకు మతభేదం గాని, పేదరికం ఒక్కటే గాని, వాతావరణం ఒక్కటే గాని కారణం కాదు. పాలు పట్టే ఆచారం, స్త్రీల పనిభారం, నీరు, నగరపు ఇరుకు, తండ్రిలేని బిడ్డ పట్ల సమాజపు కాఠిన్యం కలిసి ఆ తేడాను తెచ్చాయి. రెండవది, ఆ తేడా ఉన్నదని లోకానికి తెలిసింది కాపరులు ఓపికగా రాసిన పుస్తకాల వలన. మూడవది, నిందా జరిమానా పనిచేయని చోట చదువూ, టీకా, మంత్రసానీ పనిచేశాయి.

వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర పాఠమంటే సభలు, విశ్వాస ప్రమాణాలు, విభేదాలు అనే అలవాటు మనకుంది. పల్లెటూరి కాపరి కొవ్వొత్తి వెలుగులో నింపిన మరణ పట్టిక కూడా సంఘ చరిత్రే. విద్యార్థులు తమ క్షేత్ర పరిచర్యలో ఒక సంఘాన్ని ఎంచుకొని, గత 20 సంవత్సరాలలో ఆ సంఘ కుటుంబాలలో పుట్టిన పిల్లలెందరో, ఏడాదిలోపు పోయినవారెందరో, ఏ వీధిలో ఎక్కువో, ఏ కారణం చేతనో పెద్దలనడిగి రాసుకురావచ్చు. బి.డి. పరిశోధనా పత్రానికి అది తగిన అంశమే. ఆ పట్టికను సంఘ కమిటీ ముందుంచిన రోజున, ఏ ఇంటికి ఎవరు వెళ్లాలో ఆ సంఘమే నిర్ణయించుకోగలుగుతుంది.